చెప్పుల స్టాండులో మోగిన ఫోను

ఒకే గొంతు పదకొండు మంది పేర్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ, "అవునమ్మా, నేనే మాట్లాడుతున్నాను" అంది.

విజిలెన్స్ ఆఫీసరు రికార్డింగు ఆపి కుర్చీలో వెనక్కి వాలాడు. క్లాసులో అందరికంటే ముందు లెక్క చేసేసిన పిల్లవాడి మొహంలా వెలిగిపోతోంది ఆయన మొహం.

"విన్నారుగా మేడమ్. ఒకే మనిషి, పదకొండు హెల్త్ కార్డులు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం మొదలయ్యాక ఇంత పెద్ద దొంగ దొరకడం ఇదే మొదటిసారి. దొరికింది నాకు."

"దొరికింది గొంతు," అంది డిటెక్టివ్. "మనిషి ఇంకా..."

"దొరుకుతాడు. సాయంత్రంలోగా దొరుకుతాడు. ఈ పదకొండు కార్డులూ పొద్దున్నే ఆపేశాను. మందులు ఆగితే వాడే కలుగులోంచి బయటికొస్తాడు."

ఆయన ఆపేసిన కార్డుల్లో ఒకటి ఫిరంగి తాతది. తాత ఒకప్పుడు ఫిరంగి దళంలో పనిచేశాడు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కంటిలో వెనక పొర ఊడిపోతోందని, ఇంకో వారం ఆగితే చేయగలిగిందేమీ ఉండదని డాక్టరు చెప్పాడు. ఆ ఆపరేషన్ చేసే డాక్టరు వేరే ఊరి నుంచి నెలకొక్కసారి వస్తాడు. ఈ రోజు వచ్చాడు, రాత్రికి వెళ్ళిపోతాడు. తాత ఆపరేషన్ సాయంత్రం నాలుగింటికి. కానీ తాతే స్వయంగా ఫోన్ చేసి వద్దన్నాడని, అందుకే రద్దు చేశామని ఆసుపత్రివాళ్ళు నిన్న కబురు పంపారు. ఆ కబురు పట్టుకుని తాత భార్య, కాలనీ అంతా మామ్మ అని పిలిచే ఆవిడ, నిన్న సాయంత్రం డిటెక్టివ్ ఇంటి తలుపు తట్టింది. "మా ఆయన ఫోనెత్తి పదేళ్ళయిందమ్మా. పక్కన నిలబడి నేనరిస్తేనే సగం వినపడదు. ఆయన ఫోన్ చేసి వద్దన్నాడా?" అంది.

అందుకే డిటెక్టివ్ ఇప్పుడు మాజీ సైనికుల సంఘం తరఫున ఈ హెల్ప్‌లైన్ ఆఫీసులో, ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. గోడ గడియారంలో పదకొండు దాటింది.

"ఆపరేషన్ రద్దు చేయమని నిన్న పదింటికి వచ్చిన ఫోను వినిపించండి," అంది.

"అది వేరే చెప్పాలా? అదీ ఆ గొంతే."

"పోల్చింది యంత్రమేనా?"

"ఆ పదకొండూ యంత్రం పోల్చింది. దీనికి యంత్రమెందుకు, చెవులున్నాయి కదా." ఆయన విసుగ్గా మీట నొక్కాడు.

ముందు హెల్ప్‌లైన్ అమ్మాయి గొంతు వచ్చింది. "నమస్కారమండీ. మీ మాటలు రికార్డవుతాయి. మీరు రద్దు చేయబోయే చికిత్సకి మళ్ళీ తేదీ దొరకాలంటే..." వాక్యం సగంలో ఉండగానే ఒక బొంగురు ముసలి గొంతు అడ్డొచ్చింది. "సరే సరే, అదంతా తెలిసిందే. అసలు సంగతికి రామ్మా." తర్వాత గొంతు కార్డు నంబరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది, సైన్యంలో మొదట చేరిన దళం చెప్పింది. ఆపరేషన్ వద్దంది. రెండోసారి ఆ అమ్మాయి ఏదో అడగబోతే మళ్ళీ అడ్డు తగిలింది. ఫోన్ పెట్టేసింది.

"ఇప్పుడు మొదటి పదకొండూ ఇంకోసారి," అంది డిటెక్టివ్.

"మళ్ళీనా?"

"మీకు పనుంటే వెళ్ళండి. నేను వింటాను."

ఆయన వెళ్ళలేదు. తన దొంగను ఇంకొకరి దగ్గర ఒంటరిగా వదిలే మనిషి కాడు.

ఈసారి ఆమె మాటలు వినలేదు. మాటల మధ్య చోటు వింది. అమ్మాయి అడుగుతుంది. అడిగాక ఒక ఖాళీ. ఆ తర్వాత ముసలాయన జవాబు. ప్రతి ప్రశ్నకీ ఆ ఖాళీ అంతే ఉంది, గజం కర్రతో కొలిచినట్టు. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆ ఖాళీతో ఆమెకు పరిచయం ఉంది. ఇరవై ఏళ్ళు దానితోనే కాపురం చేసింది. ఆమె భర్త సైన్యంలో వైర్‌లెస్ సెట్టు దగ్గర పనిచేసినవాడు. ఫోన్ చేసి "వస్తూ ఉప్పు తెస్తారా" అంటే, ఒక ఖాళీ, ఆ తర్వాత "తెస్తాను". వింటున్నారా లేదా అని ఆమె ఎన్నిసార్లు కోప్పడిందో లెక్కలేదు. "నువ్వు ముగించావో లేదో తెలియాలి కదా" అనేవాడాయన. రెండేళ్ళుగా ఆ ఖాళీకి అవతల ఎవరూ లేరు.

ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది.

"ఆ అమ్మాయితో మాట్లాడాలి."

హెల్ప్‌లైన్ అమ్మాయి వచ్చి, తప్పు చేసినట్టు చేతులు కట్టుకుని నిలబడింది. మెడలో వేలాడే హెడ్‌ఫోన్ తీయడం మర్చిపోయింది.

"కూర్చోమ్మా," అంది డిటెక్టివ్. "ఈ పదకొండు సార్లూ మాట్లాడింది నువ్వేనా?"

"ఎక్కువ నేనేనండీ. ఆయనతో మాట్లాడటం ఎవరికైనా ఇష్టమే. నేను ముగించేదాకా ఒక్క మాట మాట్లాడరు. నంబరడిగితే ఒక్కో అంకె విడదీసి చెప్తారు. చివర్లో 'నీకు స్పష్టంగా అందిందా అమ్మా' అని అడుగుతారు. ఈ సీట్లో నన్నలా అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు."

"ఒకే మనిషి ఇన్ని పేర్లు చెప్తున్నాడని నీకు తెలియలేదా?"

ఆ అమ్మాయి నేల చూపులు చూసింది. "తెలుసండీ. కానీ ఆయన ఎత్తడం మొదలెట్టకముందు, బాగోగులడగడానికి ఆ నంబర్లకి చేస్తే లైను కట్ అయిపోయేది. నేను కట్ చేయనండీ, యంత్రమే చేస్తుంది. 'బాగున్నారా' అని అడిగాక కొన్ని క్షణాల్లో జవాబు రాకపోతే 'సభ్యుడు అందుబాటులో లేడు' అని రాసుకుంటుంది. అలా మూడుసార్లయితే కార్డు ఆగిపోతుంది. వాళ్ళకి చెవులు సరిగ్గా..."

"అదంతా మన విధానం, ఇప్పుడెందుకు?" అన్నాడు విజిలెన్స్ ఆఫీసరు.

"రద్దు చేసిన ఫోను ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?"

"అది మామూలుగా రాలేదండీ. స్క్రీన్ మీద..."

"ఎక్కడి నుంచొస్తే ఏముంది, నంబరు కనపడకుండా చేయడం ఈ రోజుల్లో ఎంతసేపు. నువ్వెళ్ళమ్మా, అక్కడ ఫోన్లు మోగుతున్నాయి."

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. డిటెక్టివ్ ఆమె వెళ్ళినవైపు చూసి, తర్వాత ఆయనవైపు చూసింది.

"ఈ పదకొండు మందినీ మీరెప్పుడైనా చూశారా?"

"ఫైళ్ళు చూశాను."

"మనుషుల్ని?"

"మేడమ్, మీరు మాజీ సైనికుల సంఘం పిలిస్తే వచ్చినవారు. నేను పథకాన్ని కాపాడటానికి ఉన్నవాణ్ణి. ఆ పదకొండు మంది అసలు ఉన్నారో లేరో."

"అయితే ఒంటిగంటన్నరకి కాలనీ హాలు దగ్గరికి రండి. మీ దొంగని నేనే చూపిస్తాను."

ఆయన మొహం ఇంకాస్త వెలిగింది. "జీపు తెస్తాను."

"తెండి. ఉపయోగపడుతుంది," అంది డిటెక్టివ్.

*

కాలనీ హాలు వరండాలో పదిమంది ముసలివాళ్ళ మధ్య ఫిరంగి తాత క్యారమ్స్ ఆడుతున్నాడు. ఆడుతున్నాడంటే, వేళ్ళతో బోర్డు తడిమి బిళ్ళలెక్కడున్నాయో చూసుకుని, తల పక్కకి తిప్పి, ఆకాశంలోకి చూస్తూ స్ట్రైకరు కొడుతున్నాడు. రెండు బిళ్ళలు పడ్డాయి. ఎదుటి కుర్చీలో ఎవరూ లేరు.

"ఎవరితో తాతా ఆట?" డిటెక్టివ్ గట్టిగా అడిగింది.

"సిగ్నల్‌గాడితో. దంతాల నొప్పని లోపలికెళ్ళాడు. వెళ్తూ నా బిళ్ళలు జరిపాడు. కనపడదనుకుంటాడు. కన్ను బాగవగానే నేను మొట్టమొదట చూడాలనుకుంటున్నది వాడి చేతులే."

మామ్మ స్టీలు గ్లాసుతో మజ్జిగ తెచ్చి తాత చేతికిచ్చి, ఆ చేతిని నోటిదాకా తనే నడిపించింది. "పొద్దుట్నుంచీ అదే మాట. ఆపరేషన్ లేదయ్యా మగడా అంటే వినపడనట్టు నటిస్తాడు. నాలుగింటికి తయారుగా ఉండాలని స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుక్కూచున్నాడు."

తాత చొక్కాకి గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టి ఉన్నాయి. మామ్మ వాటిని సరిచేయలేదు. ఆయన పెట్టుకున్నవి ఆయనవే అన్నట్టు వదిలేసింది.

"సిగ్నల్ బాబాయ్ ఎక్కడ?" అని అడిగింది డిటెక్టివ్.

"ఆ పక్క గదిలో. ఆయన కొలువంతా అక్కడే."

పక్క గది తలుపు తీసి డిటెక్టివ్ గుమ్మంలోనే ఆగిపోయింది.

గోడకి ఆనించి ఒక చెప్పుల స్టాండు. మామూలుగా ప్రతి ఇంటి ముందూ ఉండే ఇనప చెప్పుల స్టాండే. కానీ అరల్లో చెప్పులు లేవు. అరకొకటి చొప్పున మొబైల్ ఫోన్లు ఉన్నాయి. ప్రతి అర కింద తెల్లరంగుతో ఒక అంకె. ప్రతి ఫోను వెనక నుంచీ ఛార్జింగు తీగ. తీగలన్నీ ఒక పక్కకి జడలా అల్లి, వెనక్కి తీసి కట్టారు. స్టాండు ముందు చెక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు సిగ్నల్ బాబాయ్. తలకి ఇస్త్రీ మడత చెదరని టోపీ. ఎడమ బుగ్గ మాత్రం బూరెలా ఉబ్బి ఉంది.

"రా అమ్మాయ్," అన్నాడు నోటి ఒక్క పక్క నుంచే. "చెప్పులు బయట వదిలి రా. ఇక్కడ పెట్టుకోవడానికి చోటు లేదు."

"బాబాయ్‌గారూ, ఒక్క ప్రశ్న. హెల్ప్‌లైన్‌తో అందరి పేరు మీదా మాట్లాడింది మీరేనా?"

ఖాళీ. గజం కర్రతో కొలిచినట్టు.

"నేనే," అన్నాడు. అందులో దాచాల్సిందేముందో ఆయనకి అర్థమైనట్టు లేదు. "ఇంకెవరు మాట్లాడతారు? వీళ్ళంతా ఫిరంగుల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నవాళ్ళు. చెవి మిషను పెట్టుకుంటే ఫోనులో కీచుమంటుంది. ఆ పిల్ల బాగున్నారా అంటే వీళ్ళు 'ఆఁ?' అంటారు. అంతే, లైను పోతుంది, కార్డు పోతుంది. ఒక్కరికైనా మంచి చెవులున్నాయా అంటే నాకున్నాయి. అందుకని అందరి ఫోన్లూ తెచ్చి ఇక్కడ పెట్టించాను."

"మరి 'నేనే' అని వాళ్ళ పేరు చెప్పడమెందుకు? ఫలానా వాళ్ళ తరఫున అనొచ్చు కదా."

ఆయన ఆమెను జాలిగా చూశాడు. "మీ ఆయన నీకేం చెప్పలేదా? సెట్టు ముందు కూర్చున్నవాడికి సొంత పేరు ఉండదమ్మాయ్. మూడో ఫిరంగి కోసం మాట్లాడితే నేనే మూడో ఫిరంగి. కమాండరు కోసం మాట్లాడితే నేనే కమాండరు. ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతుంటాడు, నేను 'ముందుకు కదులుతున్నాను' అంటాను. ముప్పై ఏళ్ళు అలాగే మాట్లాడాను. అది మోసమని ఎవరూ అనలేదు. అందుకు నాకు పతకం కూడా ఇచ్చారు."

డిటెక్టివ్ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే ఎందుకో కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నిన్న పొద్దున తాత ఆపరేషన్ వద్దని ఫోన్ చేశారా?"

"నిన్నా?" ఆయన బుగ్గ చూపించాడు. "నిన్న తొమ్మిదింటికి పన్ను పీకించుకున్నాను. సాయంత్రందాకా నోట్లో దూది. ఈ ఫోన్లన్నీ మోగి మోగి ఊరుకున్నాయి."

"అది నిజమే," అంది వెనక నుంచి మామ్మ. "నేనే తీసుకెళ్ళాను. నిన్నంతా ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళావిడ ఎంత సంతోషంగా ఉందో చూడాల్సింది. రెండో పన్ను ఎప్పుడు పీకుతారని డాక్టర్ని అడిగింది."

డిటెక్టివ్ స్టాండు దగ్గరికి వెళ్ళి అరలు ఒక్కొక్కటిగా చూసింది. పదకొండు అంకెలు ఉన్నాయి. కింది వరసలో చివరి అరకి అంకె లేదు. ఫోను మాత్రం ఉంది, ఛార్జింగు కూడా ఉంది.

"ఇదెవరిది?"

"మా దళంలో వంట చేసేవాడిది. పోయి ఏడాదైంది. వాడు పోయాడని నేనే హెల్ప్‌లైన్‌కి చెప్పాను. వాళ్ళావిడ కార్డు కూడా ఈ నంబరు మీదే ఉంది, బీపీ మాత్రలకి. ఆవిడకి ఈ ఫోను మోగితే చూడబుద్ధి కాదు. అందుకని ఇక్కడ పెట్టింది. వాడి అంకె మటుకు నేనే తుడిచేశాను."

బయట జీపు ఆగిన చప్పుడయింది.

*

విజిలెన్స్ ఆఫీసరు గుమ్మం దాటుతూనే స్టాండు చూశాడు, టోపీ చూశాడు, రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు.

"చూశారా. పూర్తి టెలిఫోన్ ఎక్స్ఛేంజే పెట్టాడు. నేను చెప్పలేదూ?"

"కూర్చోండి," అంది డిటెక్టివ్. "మీ పదకొండు మంది వరండాలో ఉన్నారు. వచ్చేటప్పుడు వాళ్ళ మధ్య నుంచే నడిచొచ్చారు."

"వాళ్ళు ఉంటే ఉండొచ్చు. ఈయన వాళ్ళ పేరు మీద..."

"మాట్లాడాడు. వాళ్ళు పక్కన ఉండగానే, వాళ్ళు అడగమన్నదే అడిగాడు. ఒక్క మాత్ర ఎక్కువ తీసుకోలేదు. కావాలంటే యంత్రాన్ని అడగండి. కానీ తాత ఆపరేషన్ రద్దు చేసింది ఈయన కాదు. నిన్న ఈయన నోట్లో దూది ఉంది."

"సాక్ష్యం?"

"ఇంతకంటే కావాలా?" సిగ్నల్ బాబాయ్ నోరు పెద్దగా తెరిచి ఆయన మొహం ముందు పెట్టాడు. ఆఫీసరు ఒకడుగు వెనక్కి వేశాడు.

"గొంతు మార్చి ఇంకెవరిచేతో చేయించి ఉంటాడు," అన్నాడు, కొంచెం తగ్గి. "లేకపోతే తల్లి పేరు, దళం పేరు బయటివాళ్ళకెలా తెలుస్తాయి?"

"అదే నేనూ అనుకున్నాను. బయటివాళ్ళకి తెలియవు. ఫైలు చూసినవాళ్ళకి తెలుస్తాయి." డిటెక్టివ్ తన ఫోను తీసి హెల్ప్‌లైన్ అమ్మాయికి కలిపి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. "అమ్మా, నేనే. ఒక చిన్న సహాయం. చికిత్స రద్దు చేయమని ఎవరైనా అడిగితే మీరు ముందు చదివే హెచ్చరిక ఉంది కదా. అది ఒకసారి మొదట్నుంచీ చదువు. ఇక్కడ ఇద్దరు వింటున్నారు."

"ఇదెందుకు?" అన్నాడు ఆఫీసరు.

"సెట్టు మీద ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పోతుంది. అందుకని ఈయన మధ్యలో మాట్లాడలేడు. తలమీద తుపాకీ పెట్టినా మాట్లాడలేడు. నిన్న ఫోన్ చేసినవాడు మధ్యలో మాట్లాడకుండా ఉండలేడు. మీరే చూడండి. చదువమ్మా."

హెల్ప్‌లైన్ అమ్మాయి గొంతు సవరించుకుంది. "నమస్కారమండీ. మీ మాటలు రికార్డవుతాయి."

సిగ్నల్ బాబాయ్ తల కొంచెం వంచి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. గుమ్మంలో మామ్మ మజ్జిగ గ్లాసుతో అలాగే ఆగిపోయింది.

"మీరు రద్దు చేయబోయే చికిత్సకి మళ్ళీ తేదీ దొరకాలంటే కొంత ఆలస్యం కావచ్చు. మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవలసిందిగా..."

విజిలెన్స్ ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. కాలు ఆడించాడు. ఎవరూ కదలట్లేదు.

"మీ వయసు అరవై దాటి ఉంటే, మీ కుటుంబసభ్యుల్లో ఒకరు..."

"సరే సరే, అదంతా తెలిసిందే. అసలు సంగతికి రామ్మా."

సిగ్నల్ బాబాయ్ కళ్ళు తెరిచి ఆఫీసరు వంక చూశాడు. తర్వాత ఆ అమ్మాయి గొంతు చాలా మెల్లిగా వచ్చింది.

"సార్, మీరా? నిన్న కూడా... నిన్న కూడా ఇవే మాటలు సార్. పొద్దున నేను చెప్పబోయింది అదే. ఆ ఫోను బయటి నుంచి రాలేదు. మన ఆఫీసు లోపలి లైను నుంచి వచ్చింది."

ఆఫీసరు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఆ రోజు ఆయన మాట్లాడబోయి మానడం అదే మొదలు.

"పరీక్షగా చేశాను," అన్నాడు చివరికి, కుర్చీలో కూలబడి. వెలుగు ఆరిపోయిన మొహం పదేళ్ళు పెద్దగా కనిపించింది. "ముసలి గొంతుతో మాట్లాడితే ఎవరైనా నమ్ముతారని రుజువు చేద్దామనుకున్నాను. ఎలాగూ దొంగ కార్డే కదా, రద్దయితే ఎవరికీ నష్టం లేదు. పైగా దొంగ కంగారుపడి పరిగెత్తుకొస్తాడు. మధ్యలో నిజంగా కన్ను పోతున్న మనిషి ఒకడుంటాడని... ఫైల్లో అలా అనిపించలేదు."

"ఫైల్లో ఎలా అనిపిస్తుంది నాయనా," అంది మామ్మ. కోపంగా అనలేదు. అందుకే ఆయన తల ఎత్తలేకపోయాడు.

"రెండు దాటింది," అంది డిటెక్టివ్. "మిమ్మల్ని తిట్టే తీరిక నాకు లేదు. ఆపిన కార్డులు తెరవగలిగింది మీరొక్కరే. ఆపరేషన్ మళ్ళీ పెట్టించగలిగిందీ మీరే. మాట్లాడటం మీకు బాగా వచ్చు కదా, మాట్లాడండి."

ఆయన మాట్లాడాడు. ఆసుపత్రితో మాట్లాడాడు, పై అధికారితో మాట్లాడాడు, డాక్టరు సహాయకుడు "వీలు కాదేమో" అనేలోపే అడ్డొచ్చి వీలయ్యేలా చేశాడు. ఎదుటివాళ్ళని ముగించనివ్వని ఆ అలవాటు జన్మలో మొదటిసారి పనికొచ్చింది. పదకొండు కార్డులూ తెరుచుకున్నాయి.

"ఇంకొకటి," అంది హెల్ప్‌లైన్ అమ్మాయి స్పీకరులోంచే. ఆమె ఇంకా లైనులోనే ఉందని అందరూ మర్చిపోయారు. "చెవులు వినపడని సభ్యులు తమ తరఫున ఒకరిని సహాయకుడిగా పెట్టుకోవచ్చు సార్. అలా పెట్టుకుంటే యంత్రం కూడా కట్ చేయదు. ఆ వీలు మొదట్నుంచీ ఉంది."

"మాకెవరూ చెప్పలేదే," అన్నాడు సిగ్నల్ బాబాయ్.

"వెబ్‌సైట్‌లో ఉంది," అన్నాడు ఆఫీసరు నసుగుతూ.

"ఫోనులో మాట వినపడనివాళ్ళకి వెబ్‌సైట్లో చెప్పారు. కళ్ళు కనపడని మా ఆయనకీ అక్కడే చెప్పారు," అంది మామ్మ. "ఇంక మిగిలింది ఎవరు?"

అక్కడికక్కడే పదకొండు మందికీ సిగ్నల్ బాబాయ్ సహాయకుడయ్యాడు. ఒప్పుకుంటున్నారా అని ఆ అమ్మాయి ఒక్కొక్కరినీ అడిగింది. బాబాయ్ ఆ ప్రశ్నని ఒక్కొక్కరి చెవిలోనూ అరిచాడు. వరండా దద్దరిల్లేలా పదకొండు సార్లు "ఆఁ" వినిపించింది.

ఫిరంగి తాతని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టారు, మామ్మ వెనక ఎక్కింది. ఆయన ఆఫీసరు భుజం తడిమి చూసి, "డ్రైవరు కొత్తవాడా? నెమ్మదిగా పోనీ బాబూ, నా దగ్గర ఒకటే కన్నుంది" అన్నాడు. ఆఫీసరు తను డ్రైవరు కాదని చెప్పలేదు. నెమ్మదిగా పోనిచ్చాడు.

*

ఆరు దాటాక జీపు తిరిగొచ్చింది. దాని వెనకే ఆసుపత్రి నుంచి మామ్మ ఫోన్ చేసింది, నాలుగో అరలోని తాత ఫోనుకి. సిగ్నల్ బాబాయ్ ఎత్తి విని, వరండాలోకొచ్చి నిటారుగా నిలబడి ప్రకటించాడు.

"ఆపరేషన్ అయింది. పొర అతుక్కుందన్నాడు డాక్టరు. కట్టు రేపు విప్పుతారు. తాత ఆపరేషన్ బల్ల దిగగానే అడిగిన మొదటి మాట, క్యారమ్స్ బోర్డు ఎవరూ ముట్టుకోలేదు కదా అని."

వరండా అంతా ఒకేసారి మాట్లాడింది. ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు, అయినా అందరూ తల ఊపారు. సిగ్నల్ బాబాయ్ బోర్డు దగ్గరికి వెళ్ళి, అటూ ఇటూ చూసి, రెండు నల్ల బిళ్ళలు వాటి పాత చోటికి జరిపాడు. డిటెక్టివ్ చూడనట్టు మొహం తిప్పుకుంది. విజిలెన్స్ ఆఫీసరు ఒక మూల స్టూలు మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన టీ తాగుతున్నాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఆయనా లేవలేదు.

అప్పుడు పక్క గదిలో ఫోను మోగింది.

సిగ్నల్ బాబాయ్ అలవాటుగా లోపలికి వెళ్ళాడు. వెళ్ళి, స్టాండు ముందు ఆగిపోయాడు. మోగుతున్నది కింది వరసలో చివరి ఫోను. అంకె లేని అరది.

"వాళ్ళావిడ మాత్రల గురించేమో," అంటూ ఎత్తి స్పీకరు నొక్కాడు. డిటెక్టివ్, ఆమె వెనకే ఆఫీసరు, గుమ్మంలోకి వచ్చారు.

ఈసారి వేరే అమ్మాయి గొంతు, చాలా ఉత్సాహంగా ఉంది. వంట చేసే ఆయన పేరు పెట్టి పలకరించింది. "నమస్కారమండీ. నిన్న మీకు మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని మా రికార్డులో వచ్చింది. మీ కార్డు మీద చికిత్స ఖర్చంతా ఆసుపత్రికి చెల్లించాం. ఇప్పుడు నొప్పి ఎలా ఉందండీ? నడవగలుగుతున్నారా?"

సిగ్నల్ బాబాయ్ ఆమె ముగించేదాకా ఆగాడు. ముగించాక కూడా ఆగాడు. అందరి పేరునా మాట్లాడినవాడికి ఈ ఒక్క పేరు మీద ఏం మాట్లాడాలో తెలియలేదు.

డిటెక్టివ్ వెనక్కి తిరిగి ఆఫీసరు వంక చూసింది. ఆయన మొహం తెల్లబోయింది. ఆమె ఏదో అడగబోతోందని తెలిసి, ఆమె అడిగేదాకా ఆయన నోరు విప్పలేదు.

"పోయి ఏడాదైన మనిషికి నిన్న ఆపరేషన్ అయిందట. ఈ పేరు మీ పదకొండు ఫైళ్ళలో ఉందా?"

ఒక ఖాళీ.

"లేదు," అన్నాడు.

కొన్ని క్షణాలు చూసి, జవాబు రాలేదని, అవతలి యంత్రం లైను కట్ చేసింది.